వంశవృక్షమును వ్రాసికొనుట



పురాణమునకు ఐదు లక్షణములని మన పూర్వులు చెప్పిరి. సర్గము, ప్రతిసర్గము, వంశము, మన్వంతరము, వంశానుచరితము అనునవి యా యైదు. వీనిలో రెండు వంశమునకు సంబంధించినవే. ఎవనికి ఎవడు పుట్టెనో చెప్పు వరుస వంశము. ఆ వరుసలోని వారు ఎట్లు బ్రతికిరో చెప్పు కథ వంశానుచరితము. సూర్యవంశపు రాజుల పేర్లు తడబడక చెప్పగల పెద్దలు మన గ్రామములలో నేటికిని గలరు. కాని అట్టి పెద్దను “అయ్యా, మీ తాతగారి తల్లి పేరేమి?” అని యడిగినచో, కొంతసేపు ఆలోచించి, “ఆ సంగతి మా మేనత్తకు తెలిసియుండెను, ఆమె పోయినది” అని చెప్పును. ఈ సమాధానము తరచు వినబడుచుండుటచేతనే నేటి ప్రసంగమునకు ఈ విషయమును గైకొంటిని.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారు తమ వంశక్రమమును నాలుగైదు తరముల వెనుకకు ఎట్లు కనుగొనవచ్చును, అందుకు ఏయే ఆధారములు దొరకును, వానిలో దేనిని ఎంతవరకు నమ్మవలెను అనునది నేను మనవి చేయదలచిన సంగతి. ఇది కాలక్షేపమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. పొలము విరాసత్తు కావలెనన్నను, పెండ్లి సంబంధము విచారింపవలెనన్నను, పితృకార్యమున పేర్లు చెప్పవలెనన్నను దీని యవసరము కలుగును. అన్నింటికంటె ముఖ్యమైన దొకటి కలదు. భీవండిలోను దుబాయిలోను పెరుగుచున్న మన మనుమలకు తాము ఎవరివారమో చెప్పగలవారు ఇంటికి ఒకరిద్దరే మిగిలియున్నారు. ఆ యొకరిద్దరు మీరే.

వంశమును వ్రాసి నిలుపుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. వేములవాడను చాళుక్యులు ఏలిన క్రీస్తుశకము పదవ శతాబ్దిలో, గంగాధర సమీపమునగల కురిక్యాల బొమ్మలగుట్టమీద జినవల్లభుడను నతడు ఒక శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలును గలవు. తెలుగు కందపద్యములు గల మిక్కిలి ప్రాచీన శాసనములలో అది యొకటి. ఈ జినవల్లభుడు, 941లో విక్రమార్జునవిజయమును రచించిన కన్నడ ఆదికవి పంపనకు తమ్ముడు. అతడు ఆ బండమీద తన తండ్రి భీమపయ్య పేరు చెప్పెను. తల్లి అబ్బణబ్బె పేరు చెప్పెను. తాత అభిమానచంద్రుని పేరు చెప్పెను. తమ పూర్వులది వేంగినాటి వంగిపర్రు అనియు చెప్పెను. తండ్రి, తల్లి, తాత, విడిచి వచ్చిన ఊరు: ఈ నాలుగును వ్రాసినందుననే పంపకవి కుటుంబము ఎచ్చటనుండి వచ్చినదో వేయేండ్ల తరువాత పండితులు తెలిసికొనగలిగిరి. మనము వ్రాసికొనవలసిన కాగితమునకు ఇంతకంటె మంచి మాదిరి వెదకనక్కరలేదు.

ఇక పని ఎట్లు ప్రారంభింపవలెను? అనేకులు మూలపురుషునినుండి క్రిందికి దిగజూతురు. అది తలక్రిందుల పద్ధతి. మనకు నిశ్చయముగా తెలిసినవాడు మూలపురుషుడు కాడు, మనమే. కావున తననుండి తండ్రికి, తండ్రినుండి తాతకు, ఒక్కొక్క మెట్టే యెక్కవలెను. ఒక మెట్టు గట్టిపడనిదే రెండవదానిమీద కాలు పెట్టరాదు. గట్టిపడుట యనగా ఒకరినొకరు సంప్రదింపని ఇద్దరు మనుష్యులు ఒకే మాట చెప్పుటయో, మనిషి చెప్పినదానికి కాగితము తోడగుటయో యని తెలియవలెను.

ఈ పద్ధతి మన ఆచారములో నున్నదే. తర్పణము విడుచునప్పుడు పితృ పితామహ ప్రపితామహులను ముగ్గురిని వసురుద్రాదిత్య రూపులుగా స్మరింతుము. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, పిమ్మట మాతామహుని వైపువారు. ఈ పేర్లన్నియు సరిగా చెప్పగల ఇంటిలో మూడు తరముల వంశవృక్షము అప్పటికే సిద్ధముగా నున్నదన్నమాట. కావున మొదట మీ ఇంటి పురోహితుడు ఏ పేర్లు చెప్పించుచున్నాడో వ్రాసికొనుడు. తర్పణము లేని ఇండ్లలో పెత్రమాస నాడు ఎవరెవరి పేర బియ్యమిచ్చుచున్నారో అడుగుడు. అదియు నంతటి ఆధారమే.

మూడవ తరము దాటగానే మొదటి చిక్కు పేర్లతో వచ్చును. మన ప్రాంతమున పేర్లు దేవుళ్ళనుబట్టి వచ్చినవి. వేములవాడ రాజన్నకు మ్రొక్కుకొన్న ఇంట రాజయ్య, రాజేశము, రాజవ్వ; ధర్మపురి నరసింహస్వామిని కొలిచిన ఇంట నర్సయ్య, నర్సవ్వ; కొండగట్టు అంజన్నను కొలిచిన ఇంట అంజయ్య; కొమురవెల్లి మల్లన్న భక్తుల ఇంట మల్లయ్య, కొమురయ్య. దీనికితోడు తాత పేరు మనుమనికి పెట్టు నాచార మొకటి. అందుచేత రాజయ్య కుమారుడు నర్సయ్య, నర్సయ్య కుమారుడు రాజయ్య, మరల వాని కుమారుడు నర్సయ్య, ఇట్లు సాగును. వినువారు ఇద్దరు రాజయ్యలను ఒక్కనిగా తలచినచో రెండు తరములు మాయమగును.

రాజుల వంశములును ఇట్టివే. వేములవాడ చాళుక్యుల వరుసను తెలుపు శాసనములలో అరికేసరి, నరసింహుడు, యుద్ధమల్లుడు, బద్దెగ అను పేర్లే తిరిగితిరిగి వచ్చును. అందుచేత చరిత్రకారులు మొదటి అరికేసరి, రెండవ అరికేసరి యని సంఖ్య లుంచిరి. మనమును అట్లే చేయవలెను. పెద్ద రాజయ్య, నడిపి రాజయ్య అని ఊరివారు పిలిచిన పిలుపును విడువక వ్రాయవలెను. అంతకంటె మంచి గుర్తు భార్య పేరు. ఇద్దరు రాజయ్యలకు భార్యలు ఇద్దరును లక్ష్మవ్వలే యగుట అరుదు. ప్రతి పురుషుని ప్రక్క వాని భార్య పేరును, ఆమె పుట్టినింటి ఊరును వ్రాసినచో సగము చిక్కులు తామే తొలగును.

ఇంటిపేరు మరియొక ఆధారము. మన ఇంటిపేర్లలో చాల భాగము ఊళ్ళ పేర్లే. అయితే ఇంటిపేరైన ఊరు ఆ కుటుంబము విడిచి వచ్చిన ఊరేగాని కాపురమున్న ఊరు గాదు. కోరుట్లలో నున్నవారిని కోరుట్లవారని యెవరును పిలువరు. వారు మరియొక ఊరికి పోయినప్పుడే ఆ పిలుపు పుట్టును. కావున ఇంటిపేరును ఒక దారిగుర్తుగా భావించి ఆ ఊరికి పోయి విచారింపవచ్చును. ఇల్లరికము వచ్చిన అల్లుని సంతానము, దత్తత పోయిన బిడ్డ సంతానము విషయమున మాత్రము ఇంటిపేరు మనలను దారి తప్పించును. ప్రధానమంత్రిగా నుండిన పి. వి. నరసింహారావుగారు 1921లో వరంగల్లు ప్రాంతపు లక్నేపల్లిలో జన్మించి, నాటి కరీంనగరు జిల్లా వంగరకు దత్తత వచ్చిరి. వారి వంశవృక్షము వ్రాయువాడు రెండు ఊళ్ళను, రెండు ఇండ్లను చూపవలసియుండును. దత్తతను జోడుగీతతో చూపి, కన్నవారి పేర్లు ప్రక్కన వ్రాయుట మంచి పద్ధతి. దత్తత దాచదగినది గాదు. దాచినచో రెండు తరముల పిమ్మట పెండ్లి సంబంధములలో చిక్కు తెచ్చును.

రెండవ చిక్కు కాలమునుగూర్చినది. మన పెద్దలు సంవత్సరములను సంఖ్యలతో చెప్పరు, పేర్లతో చెప్పుదురు. ప్రభవాది షష్టి సంవత్సరములు అరువది యేండ్ల కొకసారి తిరిగివచ్చును. 1867, 1927, 1987 మూడును ప్రభవలే. “ధాత కరువు నాటికి మా ముత్తాత చంటిపిల్లవాడు” అని యొకరు చెప్పిరనుకొందము. ధాత 1876లో వచ్చినది, 1936లోను వచ్చినది. దక్షిణదేశమును పీడించిన ఆ మహాక్షామము మొదటి ధాతది. ముత్తాతకు పెద్దకుమారుడు ఇరువదియైదేండ్ల ప్రాయమున కలిగెననుకొన్నచో తాతగారి జననము సుమారు 1900 అగును. ఈ లెక్క తక్కిన సంగతులతో పొసగినచో మాట నిలిచినట్లే. అట్లే “సర్కారు మారిన యేడు” అన్నచో 1948 సెప్టెంబరు నెల, సర్వధారి సంవత్సరము. ఇట్టి యేడెనిమిది గుర్తులను ఒక కాగితముమీద ముందుగా వ్రాసికొని పెద్దలను అడిగినచో వారికి జ్ఞాపకము సులభముగా వచ్చును. “నీవు ఏ సంవత్సరమున పుట్టితివి?” అను ప్రశ్నకు సమాధానము రాకపోవచ్చును, “సర్కారు మారిననాటికి నీవు నడచుచుంటివా, ఎత్తుకొని తిరుగుచుండిరా?” అన్నచో వెంటనే వచ్చును.

ప్రభుత్వపు కాగితములలో కాలము ఫసలీ లెక్కలో నుండును. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఏడాది మధ్యలో మారుటచేత ఒక్కయేడు అటునిటు ఉండవచ్చును. 1364 ఫసలీ యనగా 1954-55.

కాగితముల మాట వచ్చినది గనుక వాని సంగతి కొంత విపులముగా చెప్పవలెను. నిజాం రాజ్యమున ప్రతి గ్రామమునకు మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అను ముగ్గురు అధికారు లుండిరి. సర్వే జరిగినప్పుడు ఏర్పడిన సేత్వారు, ఏటేట వ్రాయు పహాణీ, మరియు 1954-55లో నంబరు నంబరుకు విచారించి వ్రాసిన ఖాస్రా పహాణీ మన పనికి మిక్కిలి యుపకరించును. పట్టాదారుని పేరుతోబాటు వాని తండ్రి పేరుండుటచేత, ముప్పది యేండ్ల దూరమున నున్న రెండు పహాణీలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఒక తరము కన్నులకు కట్టును. ఎవరి పిమ్మట ఎవరికి పట్టా మారెనో తెలుపు విరాసత్తు కాగితము దొరికినచో అన్నదమ్ముల పేర్లన్నియు ఒక్కచోటనే దొరకును.

పాత కాగితములు ఉర్దూలో నుండును. మరియు పాతవి పారసీకములో నుండును. చదువుటకు ఉర్దూ వచ్చిన పెద్దల సాయము వేడవలెను. ఆ శికస్తా వ్రాత చదువగలవారు తగ్గిపోవుచున్నారు. కొన్ని మాటలు ముందే తెలిసియుండుట మేలు. వల్ద్ అనగా కుమారుడు, బిన్తె అనగా కుమార్తె, జౌజె అనగా భార్య, బేవా అనగా భర్త పోయిన స్త్రీ. ఉర్ఫ్ అను మాట కనబడినచో అచ్చట నిలువుడు. దాని తరువాత ఊరివారు పిలిచిన పేరుండును. రెండు రాజయ్యలను వేరుచేయు తాళపుచెవి తరచు ఆ మాట వెనుకనే దొరకును.

జిల్లా పేరునుగూడ గమనింపవలెను. 1905లో కరీంనగరు జిల్లాకు ముఖ్యపట్టణమగుటకు పూర్వము మన ప్రాంతము ఎలగందల జిల్లాగా వ్యవహరింపబడెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడినవి. కోరుట్ల నేడు జగిత్యాల జిల్లాలో నున్నది. కావున ఒకే ఊరి కాగితములు మూడు జిల్లాల పేర్లతో ఉండవచ్చును. పటేలు పట్వారీల పద్ధతి 1984లో రద్దయినది. తరువాతి లెక్కలు తహసీలు కార్యాలయములలో నుండును. ఇనాములు, వతనులు అనుభవించిన కుటుంబములవారు మరియొక చోట వెదకవలెను. నిజాం ప్రభుత్వపు అతియాతు శాఖ ఇనాము విచారణలో వంశక్రమమును షజ్రాగా వ్రాయించి, పిమ్మట మున్తఖబు అను పత్రము నిచ్చుచుండెను. ఆనాటి ప్రభుత్వపు పాత పత్రములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రభాండాగారమున భద్రపరుపబడియున్నవి. ముస్లిము కుటుంబములలో పలువురు తమ షజ్రాను ఇంటనే దాచుకొందురు. 2020లో వచ్చిన ధరణి నాటి పట్టాదారుని చూపెను, 2025లో వచ్చిన భూభారతి నేటి పట్టాదారుని చూపును. అతని ముత్తాతను చూపవలసినది పాత పుస్తకమే.

అయితే పహాణీ భూమి గలవానినే యెరుగును. మగ్గమును నమ్ముకొన్నవాడు, కూలిచేసి బ్రతికినవాడు, పరుల పొలమును దున్నినవాడు అందు కనబడరు. వారిని వెదకుటకు వేరు త్రోవలు గలవు. సిరిసిల్ల నేతపనివారికి చేనేత సహకార సంఘముల సభ్యుల పుస్తకములు, కులసంఘపు చందా పద్దులు గలవు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల బీడీలు చుట్టిన స్త్రీలకు కార్మిక గుర్తింపు పత్రములు గలవు. ఏ భూమి లెక్కలోను ఎక్కని మన తల్లుల పేర్లు ఆ పత్రములలో ఎక్కినవి. గల్ఫు దేశములకు పోయినవారి పాస్‌పోర్టులలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు ఉండును. గడువు దాటినదని పాత పాస్‌పోర్టును పారవేయకుడు. పాఠశాల ప్రవేశపు పుస్తకములో బాలుని పేరు, తండ్రి పేరు, కులము, జన్మతేది యుండును. తండ్రి పేరును నమ్మవచ్చును. జన్మతేదిని మాత్రము కొంచెము సడలించి చూడవలెను. పూర్వము బడిలో చేర్చునప్పుడు బాలుని యెత్తు చూచి తేది వేయుట సామాన్యమని ఆ పుస్తకములతో జీవితము గడపినవానిగా చెప్పుచున్నాను.

తీర్థములలోని పండాలును లెక్కలు వ్రాసియుంచెదరు. హరిద్వారము, గయ, త్ర్యంబకేశ్వరము మొదలగు క్షేత్రములలో యాత్రికుల ఊరినిబట్టి, కుటుంబమునుబట్టి బహీలనబడు పుస్తకములు గలవు. మీ ఇంటివారెవరైన గయకు పోయియున్నచో, వారు ఏ పండా ఇంట దిగిరో విచారించుట వృథాగాదు.

ఇప్పుడు మన ప్రాంతమునకు సొంతమైన మరియొక ఆధారమును చెప్పెదను. కాగితమునకు ఎక్కని కులములకు కూడ వంశమును నోటనుంచుకొని తిరుగు వారు గలరు. పద్మశాలీలకు కూనపులివారు పటము పరచి భావనారుషి కథ చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు గలరు. కాపు, రెడ్డి కుటుంబముల గోత్రములను వంశములను పిచ్చుకుంట్లవారు చెప్పుచుండిరి. ప్రభుత్వపు పట్టికలలో నేడు వారి కులమునకు వంశరాజు అను పేరుకూడ గలదు. ఇట్టి కథకుల పటములను వ్రాసిన నకాషీ చిత్రకారుల నిలయమగుటచేతనే చేర్యాల ప్రసిద్ధికెక్కినది. ఈ కథకులు ఒక్కొక్క ఊరికి ఏడాదికో, కొన్నియేండ్లకో వచ్చి, త్యాగము గైకొని, ఆ ఇంటివారి పేర్లను మునుపటి వరుసకు చేర్చుకొని పోవుచుండిరి.

వీరు చెప్పునది ఎంతవరకు నమ్మవలెను? ఇచ్చట వివేచన కావలెను. వారు చెప్పుదానిలో రెండు భాగము లుండును. మార్కండేయుడు, భావనారుషి మొదలుకొని వచ్చునది కులపురాణము. అది ఆ కులము తన గౌరవమును, తన పనిని తాను ఎట్లు భావించుకొన్నదో చెప్పును. దానిని ఆదరింపవలెను గాని తేదీలు వేసి తాతముత్తాతల జాబితాకు అతికింపరాదు. రెండవది, కథ చివర “ఈ ఊరిలో ఫలానా వానికి ముగ్గురు కొడుకులు, ఒకడు ఫలానా ఊరికి పోయెను” అని చెప్పునది. అదియే మనకు కావలసిన బంగారము. తండ్రి చెప్పగా విని, ఊరూర తిరిగి నిలుపుకొన్న మాట యది. దాతను సంతోషపెట్టుటకు పెంచి చెప్పు బిరుదులను తీసివేసి, ఊళ్ళ పేర్లను సోదరుల సంఖ్యను వ్రాసికొనుడు. నాలుగు డబ్బులకు రాజవంశమును అంటగట్టువాడు ఏ కాలముననైన ఉండును. తాను రాజవంశీయుడనని వినగోరువాడు ఉన్నంతవరకు వానికి పని తప్పదు. మగ్గము నేసి పదిమందిని సాకిన ముత్తాత పేరు నిజమైనదైనచో, లేని రాజు పేరుకంటె అది వేయిరెట్లు మేలు.

ఇక స్త్రీల మాట. మన ఇండ్లలో నున్న పాత వంశవృక్షములను చూడుడు: కొడుకులు, వారి కొడుకులు, మరల వారి కొడుకులు. పడుగు మాత్రమే యుండి పేక లేని గుడ్డ యెట్టిదో సిరిసిల్లవారికి నేను చెప్పనక్కరలేదు. కాకతీయుల తొలి తరముల పేర్లు మనకెట్లు తెలిసినవి? గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి, అచ్చట వేయించిన శాసనమున తన పుట్టినింటి వంశమును వెన్నరాజు మొదలుకొని వరుసగా చెప్పినది. అత్తవారింటికి పోయిన ఆడుబిడ్డ వ్రాయించిన ఆ శాసనమే నేడు చరిత్రకారులకు ముఖ్యాధారము. చైనాలో కన్ఫ్యూషియసు మహాశయుని వంశావళి రెండువేల యేండ్లకు పైబడిన కాలమును తెలుపునది. దానిలోను 2009లో ముద్రించిన ప్రతియందే మొదటిసారి స్త్రీల పేర్లు చేర్చిరి. మనము అంతకాలము ఆగనక్కరలేదు.

ఇది గౌరవమునకు సంబంధించినది మాత్రమే గాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెను, భార్యను, తల్లిని కుమారునితోబాటు వారసులుగా చెప్పినది. 2005 సవరణచే కుమార్తెకు పుట్టుకతోనే ఉమ్మడియాస్తిలో కుమారునితో సమానమైన హక్కు కలిగినది. ఆడుబిడ్డల పేర్లు విడిచి వంశవృక్షము వ్రాసి విరాసత్తుకు ఇచ్చినచో అది అసత్యపత్రమగును. అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రకు నడుమ కోర్టు మెట్లు లేచును. పెండ్లి సంబంధములకును తల్లివైపు వరుస కావలెను. సాపిండ్యము తండ్రివైపు ఏడు తరములు, తల్లివైపు ఐదు తరములని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. 1955 నాటి వివాహ చట్టము దానిని ఐదు, మూడు తరములుగా నిర్ణయించి, ఆచారమున్న చోట మేనరికమునకు త్రోవ విడిచినది. మేనరికములు గల మన ఇండ్లలో ఒకే స్త్రీ ఒక వైపు మనుమరాలుగాను, మరియొక వైపు కోడలుగాను కనబడును. అట్టిచోట రెండు తావులందును ఆమె పేరు వ్రాసి ఒక గీతతో కలుపవలెను.

ఇప్పుడు వలసపోయినవారినిగూర్చి. మగ్గములు తిండి పెట్టక సిరిసిల్లనుండి నేతపనివారు భీవండికి, షోలాపురమునకు, సూరతుకు పోయిరి. జగిత్యాల, కోరుట్లలనుండి కొన్ని తరముల పిమ్మట యువకులు గల్ఫు దేశములకు పోయిరి. ఒక ఇంట ముగ్గురన్నదమ్ములుండి ఒకడు భీవండికి పోయెననుకొనుడు. అతడు ఉన్నన్నాళ్ళు పండుగకు వచ్చును. అతని కొడుకు పెండ్లికి, చావుకు వచ్చును. మనుమడు రాడు. వాని పేరు ఇచ్చటివారికి తెలియదు. ఇచ్చటి ఊరిపేరు వానికి సరిగా పలుకరాదు. ఒకనాడు ఉమ్మడి పొలము అమ్మకమునకు వచ్చును. “మూడవవాని వారసులెవ్వరు?” అని అధికారి అడుగును. అప్పుడు వారు లేరని సంతకము చేయుట సులభము. అట్టి సంతకముతో నెకరములు చేతికి వచ్చును. కాని తాత కడుపున పుట్టిన ఒక కొమ్మ తెగిపోవును. వంశవృక్షము ముందే వ్రాసి ఇంటింట నున్నచో ఆ సంతకమునకు ఎవరి చేయియు సాగదు. ఇట్టి యన్యాయమును జరుగకముందే యాపుటకు దీనికంటె చవుకైన యుపాయము లేదు.

మారిషసు దీవిని చూడుడు. అచ్చటికి కూలీలుగా కొనిపోబడిన తెలుగువారి మునిమనుమలు ఓడల పుస్తకములను మహాత్మాగాంధీ సంస్థలో వెదకి తమ పూర్వుల ఊళ్ళను కనుగొనుచున్నారు. పోయినవారికి పుస్తకము దొరికినది. మనవారు రైలెక్కి, బస్సెక్కి పోయిరి. వారి పేర్లు వ్రాసిన పుస్తకము లేదు. దానిని వ్రాయవలసినవారు ఊరిలో నిలిచిన పెద్దలే.

వ్రాయు పద్ధతి సులభము. గట్టి అట్ట గల నోటుపుస్తకము నొకదానిని తెండు. ఒక్కొక్క దంపతులకు ఒక్కొక్క పుట విడువుడు. పుట పైభాగమున భర్త పేరు, భార్య పేరు, ఆమె పుట్టినిల్లు; తరువాత వారి వృత్తి, పుట్టిన ఊరు, విడిచిన ఊరు, జనన మరణముల కాలము; క్రింద బిడ్డలందరి పేర్లు, ఆడువారు మగవారు అను భేదము లేక పుట్టిన వరుసన వ్రాయుడు. పసితనమున పోయిన బిడ్డలనుగూడ వ్రాయుడు. ప్రతి సంగతి ప్రక్కన అది ఎవరు చెప్పిరో, ఏ కాగితమున నున్నదో, ఏ తేదిన తెలిసినదో ఒక ముక్క చేర్చుడు. ఇద్దరు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయుడు. తగవు తీర్చవలసిన తొందర లేదు. తెలియనిచోట ఖాళీ విడువుడు. ఖాళీ సిగ్గుపడదగినది గాదు, రేపు మరియొకడు నింపును. కల్పించి నింపినదానిని మాత్రము ఎవరును సరిదిద్దలేరు.

పుటల చివర వంశానుచరితమునకు నాలుగు పంక్తులు విడువుడు. పేర్లు మాత్రమే యున్న వంశము ఎండిన కట్టెవంటిది. కరువులో ఏ ఊరికి పోయి బ్రతికిరి, మగ్గముమీద ఏమి నేసిరి, బావి ఎవరు త్రవ్విరి, ఏ ముత్తవ్వ మంత్రసాని పనిలో పేరుపొందెను, ఇట్టివి రెండేసి మాటలలో వ్రాయుడు. మనుమలు చదువునది ఆ నాలుగు పంక్తులే. పుస్తకము నిండిన పిమ్మట దానికి రెండు నకళ్ళు తీయించి, ఒకటి ఆడుబిడ్డ ఇంటను, ఒకటి వలసపోయిన అన్నదమ్ముల ఇంటను ఉంచుడు. ఒక్కచోట నున్నది చెదపురుగుకైన, వానకైన, తగవుకైన లోబడును.

పెద్దలారా, పనిలో మొదటి భాగము ఇంటి అరుగుమీదనే ముగియును. ఊరిలో మీకంటె వయసుగలిగిన అవ్వ ఎవరున్నారో చూడుడు. సాయంకాలమున ఆమె తీరికగా నున్నప్పుడు ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క పేరే అడుగుడు. అలసినచో మరునాడు అడుగుడు. కాని వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయకుడు. కాగితము రేపు దొరకును, కార్యాలయము రేపును తెరచియుండును, అవ్వ మాత్రము రేపటికి కుదురని యాధారము. ఆమె పేరునే మొదటి పుటలో వ్రాసి పని యారంభింపవలసినదని కోరుచు సెలవు గైకొనుచున్నాను.